అతుకుల వెంట మెషీన్ కుట్టు: బొంత వెనక ముడతలు ఎందుకు పడతాయి?

మహారాష్ట్రలో తెలంగాణ సరిహద్దున ఉన్న సిరొంచ నుంచి ఒక చెల్లెమ్మ అడిగిన ప్రశ్న సారాంశం ఇది. అమ్మ పాత నేత చీరలు, షర్టు బట్టల కట్ పీసులు కలిపి 6 అంగుళాల చదరాలుగా అతికారు. అడ్డంగా 10, నిలువుగా 14, మొత్తం 140 ముక్కలు. పైన ఈ అతుకుల బట్ట, నడుమ ఏకిన దూది, కింద అస్తరు (వెనక వైపు బట్ట) పెట్టి, అతుకుల వెంటే కుట్టు కనిపించకుండా కాలి మెషీన్ మీద కుట్టాలనుకున్నారు. ఒక మూల మొదలుపెట్టేసరికి అస్తరు ముడతలు పడింది. కుట్టు అతుకు మీద నిలవకుండా ఒకసారి ఇటు, ఒకసారి అటు ఎక్కింది. నాలుగు ముక్కలు కలిసేచోట మెషీన్ మొరాయించింది. మెషీన్ మార్చాలా, లేక ఇంట్లో పెద్దవాళ్లు అంటున్నట్టు బొంతను చేత్తోనే కుట్టాలా అని అడిగారు.

మెషీన్ మార్చకండి. నల్లటి తలతో ఉండే పాత కాలి మెషీన్ ఈ పనికి బాగా పనికొస్తుంది. నెమ్మదిగా తొక్కితే ఒక్కొక్క కుట్టే వేస్తుంది. మోటారు బిగించిన వాటికి ఆ నిదానం ఉండదు. మీరు రాసిన దాంట్లో నా కంట పడింది వేరే మాట. "అతుకులన్నీ రెండు వైపులా విప్పి చక్కగా ఇస్త్రీ చేశాను" అన్నారు. చిక్కులో సగం అక్కడే ఉంది.

జాకెట్లు, చొక్కాలు కుట్టే చేతికి అది అలవాటే. ఒంటికి తగలకుండా, ఎత్తు రాకుండా లోపలి మార్జిన్‌ను, అంటే కుట్టుకు అవతల వదిలిన బట్టను, విప్పి అణచడం మంచి టైలర్ లక్షణం. బొంతకు మాత్రం అది పనికిరాదు. మార్జిన్ రెండు వైపులా విప్పితే అతుకుకు అటూ ఇటూ ఎత్తు ఒకటే అవుతుంది. నడుమ మిగిలేది ముక్కలను కలిపిన దారం ఒక్కటే. ఆ గీత మీద మళ్లీ సూది దింపితే కుట్టు దాక్కోవడానికి చోటు ఉండదు. పైగా సూది పదే పదే ఆ పాత దారాన్నే పొడుస్తుంది. నాలుగు ఉతుకులకు అతుకు వదులై, ఆ సందులోంచి దూది పోగులు బయటికి వస్తాయి.

మార్జిన్ రెండు పొరలనూ ఒకే పక్కకు మడిచి ఇస్త్రీ చేస్తే సంగతి మారిపోతుంది. మడిచిన పక్క మూడు పొరలు, రెండో పక్క ఒకే పొర. వేలితో తడిమితే చిన్న మెట్టు తగులుతుంది. కళ్లు మూసుకుని కూడా అతుకు ఎక్కడుందో చెప్పగలరు. సూది పడవలసింది ఆ మెట్టు కింద, పల్లం వైపు, మడతకు ఆనుకుని ఒక్క పోగు ఎడంగా. కుట్టేటప్పుడు రెండు చేతులతో బట్టను కొద్దిగా విడదీసి పట్టుకుంటారు కాబట్టి ఆ గాడి తెరుచుకుంటుంది. చేతులు వదిలాక మెట్టు మీది బట్ట ఉబ్బి కుట్టు మీదికి వాలుతుంది. కుట్టు కనిపించకపోవడం వెనక ఉన్న కిటుకు ఇదే. చేతి నైపుణ్యం దీని తరవాతి మాట.

ఇప్పుడు మీ బట్ట సంగతి. వరసలు ముందే కలిపేశారు కాబట్టి అన్ని అతుకులనూ మళ్లీ ఒక పక్కకు తిప్పడం కుదరదు. వరసకూ వరసకూ నడుమ ఉన్న 13 అడ్డ అతుకులు చివర కుట్టినవి. వాటి మార్జిన్ ఎక్కడా చిక్కుకోలేదు. వెనక నుంచి తడిగుడ్డ వేసి, అన్నిటినీ కింది వైపుకు మడిచి ఇస్త్రీ పెట్టె నొక్కండి. అటూ ఇటూ తోయకండి. తోస్తే పాత చీర బట్ట సాగి చదరం కాస్తా వంకర అవుతుంది. ఇక 9 నిలువు అతుకులున్నాయి. ప్రతి అడుగున్నరకు మూడుసార్లు అడ్డ అతుకు కింద వాటి మార్జిన్ విప్పిన స్థితిలోనే కుట్టుబడి ఉంది. నడుమ నడుమ తిప్పినా నాలుగు ముక్కలు కలిసే కూడలి దగ్గర మెలిపడుతుంది. అన్నీ విప్పి మళ్లీ కుట్టమని నేను చెప్పను. చీరలు పాతవి, విప్పే కొద్దీ చిరుగుతాయి.

మీకు నేను చెప్పే దారి ఇది. అడ్డ అతుకుల్లో గాడిలో కుట్టండి, అది కనిపించదు. నిలువు అతుకులకు గాడి జోలికి పోకుండా, అతుకుకు ఒక పక్క పావు అంగుళం ఎడంగా బాహాటంగా కుట్టు వేయండి. టైలరింగ్ అలవాటు ప్రకారం అర అంగుళం మార్జిన్ వదిలి ఉంటారు కాబట్టి ఈ కుట్టు విప్పిన మార్జిన్‌ను కూడా కలిపి పట్టుకుంటుంది. అతుకు మీద బరువు తగ్గుతుంది. కొంచెం నిబ్బరం ఉంటే రెండు పక్కలా వేయండి, జంట గీతలు చూడముచ్చటగా ఉంటాయి. కనిపించే కుట్టు కదా అని దిగులు పడకండి. కనిపించకూడదని పంతం పట్టిన కుట్టు ఒక్క పోగు తప్పినా ఎత్తి చూపుతుంది. పావు అంగుళం దూరాన కొద్దిగా వంగిన గీతను ఎవరూ పట్టించుకోరు. నేర్చుకునేవాళ్లకు గాడి కుట్టు తేలికని చెప్పేవాళ్లతో నాకు పేచీ ఉంది. తేలికగా కనిపించేది దూరం నుంచి చూసేవాళ్లకే.

వచ్చే బొంతకు ముందే గుర్తు పెట్టుకోవలసింది, మార్జిన్ ఏ పక్కకు మడవాలి అన్నది. ముదురు రంగు వైపుకు మడవమని పుస్తకాల్లో ఉంటుంది, లేతరంగు ముక్క కింద నీడలా కనిపించకుండా. కొత్త బట్టలైతే అది సరే. మీలాగా అరిగిన చీర ముక్క, గట్టి షర్టు ముక్క ఒకదాని పక్కన ఒకటి వస్తే నేను రంగు చూడను, చీర వైపుకు మడుస్తాను. అలా చేస్తే చీర ముక్క అంచుకు కింద మరో రెండు పొరల దన్ను దొరుకుతుంది. సూది పోట్లు పల్లం వైపు, అంటే గట్టి షర్టు బట్టలో పడతాయి. చీర, షర్టు చదరంగం గళ్లలా మార్చి మార్చి పెడితే ఇంకో లాభం ఉంది. పై వరసలో మార్జిన్ కుడికి తిరిగితే కింది వరసలో ఎడమకు తిరుగుతుంది. రెండు వరసలు కలిపేటప్పుడు ఆ రెండు మెట్లూ ఒకదానికొకటి ఆనుకుని మూలలు సూటిగా కలుస్తాయి, కూడలిలో దిమ్మ కట్టదు. మార్జిన్ కూడా అర అంగుళం వద్దు, పావు అంగుళం చాలు. కొత్త కట్ పీసులను ఒకసారి నీళ్లలో ముంచి ఆరేసి ఆ తరవాతే కత్తిరించండి. ఎన్నోసార్లు ఉతికిన చీర ఇక కుంచించుకోదు, కొత్త కాటన్ కుంచించుకుంటుంది. రెండూ పక్కపక్కన ఉంటే మొదటి ఉతుకులోనే తేడా బయటపడుతుంది. నైలాన్, పాలిస్టర్ చీరలను ఇందులో కలపకండి. అవి మెషీన్ కింద జారిపోతాయి, ఇస్త్రీకి ముడుచుకుపోతాయి.

దూది విషయంలో మీ ఆలోచన మార్చుకోమనే చెబుతాను. మన సరిహద్దు తాలూకాల్లో పత్తి పండుతుంది. దూది చేతికి అందుతుంది, బొంత అనగానే అదే గుర్తొస్తుంది. కానీ ఏకిన దూది పోగులకు ఒకదానితో ఒకటి పట్టు లేదు. కుట్టుకూ కుట్టుకూ నడుమ ఎంత ఖాళీ ఉంటే అంత దూరం కదులుతుంది. రజాయి కుట్టేవాళ్లు చేత్తో పొడుగు కుట్లు దగ్గర దగ్గరగా వేసేది ఇందుకే. దూది నింపితే కుట్టు గీతల నడుమ రెండు మూడు అంగుళాలకు మించి ఎడం ఉండకూడదు. మీ చదరం 6 అంగుళాలు. అతుకుల వెంటే కుడతానంటే ప్రతి గడి ఒక సంచి అవుతుంది. ఉతికిన ప్రతిసారీ దూది మూలకు చేరి ఉండ కడుతుంది. రజాయిని ఉతకరు, ఎండకు వేసి మళ్లీ ఏకిస్తారు. బొంతను ఉతుకుతాం.

అతుకుల వెంట మాత్రమే కుట్టాలనుకుంటే నడుమ పొర కూడా బట్టే అయి ఉండాలి, లేదా పోగులు పెనవేసుకున్న షీటు అయి ఉండాలి. రెండు మూడు పాత నేత చీరలు మడతలు లేకుండా పరిస్తే 6 అంగుళాల ఎడం సరిపోతుంది. చీర పొర ఉండ కట్టదు, మహా అయితే కొద్దిగా వేలాడుతుంది. బాగా అరిగిన షోలాపూర్ చద్దర్ ఒకటి ఉంటే దాన్నే నడుమ వేయవచ్చు. కొత్తది వద్దు, మీ మెషీన్ సూదికి అది బరువవుతుంది. షీటుగా అమ్మే కాటన్ బ్యాటింగ్ తెప్పించుకుంటే కుట్టు గీతల నడుమ ఎంత ఎడం ఉండవచ్చో దాని మీదే రాసి ఉంటుంది, ఆ అంకె చూసి కొనండి. పాలిస్టర్ షీటు తేలిక, ఉబ్బుగా ఉంటుంది, గాడి కూడా లోతుగా తేలుతుంది. కానీ సిరొంచ వేసవిలో దాన్ని కప్పుకోలేరు, చలికాలానికే దాచుకోవాలి.

ముడతలకు వద్దాం. మెషీన్ కింద ఉన్న పళ్లు అడుగు పొరను వెనక్కి లాగుతాయి. పైన ఉన్న ఫుట్ బట్టను నొక్కి పట్టుకుంటుంది తప్ప నడిపించదు. ఒకటో రెండో పొరలైతే అన్నీ కలిసే కదులుతాయి. బొంతలో నాలుగైదు పొరలు ఉంటాయి. అడుగున ఉన్న అస్తరు అలా జరిగిపోతుంటే పై బట్ట ఫుట్ ముందర అలలా పేరుకుంటుంది. మీరు పైనున్న అలను సర్దడానికి బట్టను లాగుతారు, ఆ లాగుడుకు అస్తరు వెనక మడత పడి కుట్టులో ఇరుక్కుంటుంది. ఇక్కడ మెషీన్ తప్పేమీ లేదు, పొరలు ఒకదాన్నొకటి వదిలేయడమే కారణం.

అందుకే కచ్చా కుట్టు (పొరలు కదలకుండా ముందు వేసి, తరవాత తీసేసే పొడుగు కుట్టు) దగ్గర పిసినారితనం వద్దు. అస్తరు నాలుగు వైపులా మూడు నాలుగు అంగుళాలు పెద్దదిగా కత్తిరించి, తిరగేసి గచ్చు మీద పరవండి. అంచులను టేపుతో గచ్చుకు అంటించండి. బిగువుగా ఉండాలి, సాగకూడదు. సాగదీసి అంటిస్తే టేపు తీసిన మరుక్షణం వెనక్కి కుంచించుకుని మీరు భయపడే ముడతలే తెస్తుంది. దాని మీద నడుమ పొర, ఆపైన అతుకుల బట్ట, ఒక్కొక్కటి మధ్య నుంచి అంచులకు అరచేత్తో నిమురుతూ పరవండి. తరవాత మధ్యలో మొదలుపెట్టి నాలుగు వైపులకూ కచ్చా కుట్టు వేయండి, గీతకూ గీతకూ పిడికెడు ఎడం. సేఫ్టీ పిన్నులు వాడేవాళ్లూ ఉన్నారు. అలా అయితే పిన్నుకూ పిన్నుకూ కూడా పిడికెడే, అతుకు గీత మీద మాత్రం పెట్టకండి, సూది దారిలోకి వస్తాయి. పాత చీరల మీద నేను దారాన్నే ఇష్టపడతాను, పిన్ను రంధ్రం మిగులుతుంది. అంచుల చుట్టూ కూడా కచ్చా కుట్టు ఒకటి తప్పనిసరి.

మెషీన్ సర్దుబాటు పెద్ద పని కాదు. ముందు సూది కింద ఉండే రేకును, దాని రెండు మరలు విప్పి తీయండి. పళ్ల సందుల్లో పాత పీచు గట్టిపడి అణచిన ఉన్ని బట్టలా పేరుకుని ఉంటుంది. అది ఉన్నంత కాలం పళ్లు పైకి లేవవు, బట్ట కదలదు, కుట్టు చిన్నబోతుంది. సూది మొనతో కెలికి తీసి ఒక చుక్క నూనె వేయండి. బొంత కుట్టేటప్పుడు కింది దారం చుట్టే బాబిన్ మార్చినప్పుడల్లా ఒకసారి తుడవండి, పీచు అంత త్వరగా చేరుతుంది. తల మీద ఎడమవైపు, ఫుట్ కడ్డీకి సరిగ్గా పైన, చేత్తో తిప్పే మర ఉంటుంది. అది ఫుట్ ఒత్తిడిది. ఒకటి రెండు చుట్లు వదులు చేయండి. చాలామంది దీన్ని కొన్ననాటి నుంచి తాకి ఉండరు. సూది కొత్తది వేయండి, చీర పొరలకు 14 నంబరు, చద్దర్ పెడితే 16. కుట్టు అంగుళానికి ఎనిమిది నుంచి పది. అంతకన్నా చిన్న కుట్టు బట్టను గట్టి అట్టలా చేస్తుంది.

వాకింగ్ ఫుట్ అని ఒకటి అమ్ముతారు. దాని పక్కనున్న చిన్న కొమ్ము సూదిని బిగించే మర మీద కూర్చుంటుంది. సూది లేచి దిగినప్పుడల్లా కొమ్ము కూడా కదిలి ఫుట్ అడుగున ఉన్న పళ్లను నడిపిస్తుంది, పై పొర కూడా కింది పొరతో సమానంగా కదులుతుంది. ముడతలకు ఇంతకు మించిన మందు లేదు. మీకు దగ్గరలో దొరకకపోవచ్చు. ఎవరైనా గోదావరి వంతెన దాటి కాళేశ్వరం మీదుగా వరంగల్ వెళుతుంటే మీ మెషీన్ ఫుట్ విప్పి వాళ్ల చేతికి ఇవ్వండి. కాడ పొట్టిదా పొడుగుదా అన్నది దాన్ని పక్కన పెట్టి చూస్తేనే తేలుతుంది, పేరు చెప్పి తెప్పిస్తే సగం సార్లు సరిపోదు. ఒకే ఒక ఇబ్బంది, అది లావుగా ఉండి గాడిని కొంత మూసేస్తుంది. ముందు భాగం తెరిచి ఉన్న రకం అడగండి. దాన్ని బిగించాక మెషీన్‌ను వెనక్కి కుట్టించకండి. అది దొరక్కపోతే ఒత్తిడి తగ్గించి, కచ్చా కుట్టు ఇంకా దగ్గరగా వేసుకుని పని కానివ్వవచ్చు.

ఏ గీత ముందు, ఏ గీత తరవాత అన్నది అలవాటు కాదు, దానికీ కారణం ఉంది. మూల నుంచి మొదలుపెట్టారు కదా, అక్కడి నుంచి జరిగిన బట్టంతా ఎదురు మూలకు చేరాలి, చేరే దారి లేక మధ్యలో మడత పడుతుంది. మధ్య నిలువు గీతతో మొదలుపెట్టండి. 9 నిలువు అతుకుల్లో అయిదోది, ఈ అంచు నుంచి ఆ అంచుకు ఏకబిగిన. ఆ తరవాత మధ్య అడ్డ గీత, 13లో ఏడోది. ఆ రెండూ పడితే బొంత నాలుగు భాగాలై ఎక్కడిది అక్కడ నిలుస్తుంది. అక్కడి నుంచి మధ్య గీతకు కుడి పక్కవి ఒక్కొక్కటిగా అంచు దాకా కుట్టండి. తరవాత బొంతను తిరగేయకుండా, పై కొస కిందికి వచ్చేలా తిప్పి రెండో సగం అలాగే. ఇలా చేస్తే మెషీన్ చేయి కింద ఉండే చుట్ట ఎప్పుడూ చిన్నదే అవుతూ పోతుంది. మీ మెషీన్ సూదికీ స్తంభానికీ నడుమ ఉన్నది జానెడు కన్నా తక్కువ, సగం బొంతను అక్కడ బిగువుగా చుట్టి దూర్చాలి. ఒక సగంలోని గీతలన్నీ ఒకే వైపు నుంచి కుట్టండి. ఒక గీత కిందికి, పక్క గీత పైకి కుడితే రెండింటి నడుమ బట్ట ఏటవాలుగా ఈడ్చుకుపోయి మెలిక తిరిగినట్టు కనిపిస్తుంది.

బొంత బరువు గురించి ఎవరూ చెప్పరు. మెషీన్ బల్ల మీద నుంచి కిందికి వేలాడే బట్ట సూదిని పక్కకు లాగుతుంది. మీ కుట్టు ఇటూ అటూ ఎక్కడానికి చెయ్యి కన్నా ఇదే పెద్ద కారణం. ఎడమ పక్కన ఒక మంచమో బల్లో, వెనక ఇంకొకటి బల్ల ఎత్తుకు జరిపి బట్టంతా వాటి మీద పడుకునేలా చూడండి. ఇక చేతులు. అరచేతులు రెండూ అతుకుకు అటూ ఇటూ బోర్లా పెట్టి మెల్లగా విడదీయండి, గాడి తెరుచుకునేంత వరకే. ముందుకు తోయకండి, వెనక నుంచి లాగకండి. చూపు సూది మీద వద్దు, ఫుట్‌కు అరంగుళం ముందున్న గాడి మీద ఉంచండి. సూదినే చూస్తూ కూర్చుంటే తప్పు పడ్డాకే కనిపిస్తుంది. చేతులు జరపవలసి వచ్చినప్పుడు సూది బట్టలో దిగి ఉండగా ఆగండి, అది మీకు మూడో చెయ్యి.

కూడళ్ల దగ్గర మెషీన్ మొరాయించడం మామూలే. అక్కడ పొరలు ఎక్కువ, ఫుట్ ముక్కు పైకి లేస్తుంది, వెనక పళ్లకు పట్టు తప్పుతుంది, కుట్లు ఒకేచోట పడతాయి. జీన్స్ కుట్టేవాళ్లు చేసేదే చేయండి. బొంత కూర్చే ముందే కూడళ్లను వెనక నుంచి చెక్క సుత్తితో మెల్లగా తట్టి అణచండి. కుట్టేటప్పుడు అక్కడికి ఒక అంగుళం ఇవతలే ఆగి, మడిచిన గుడ్డ ముక్క ఒకటి ఫుట్ వెనక భాగం కిందికి జరిపి ఎత్తు సమం చేయండి. కాలు పూర్తిగా తీసేసి చేతిచక్రంతో నాలుగైదు కుట్లు తిప్పుకుంటూ దాటండి. వచ్చే బొంతలో నిలువు అతుకులు కూడా గాడిలోనే కుడితే, ప్రతి కూడలిలోనూ మెట్టు పక్క మారుతుంది, అంటే పల్లం కుడి నుంచి ఎడమకు మారుతుంది. అక్కడ సూదిని ఒక పోగు పక్కకు జరిపితే చాలు, ఆ ఒక్క పోగు కూడా ఆగిన చోటే జరపండి, పరుగులో కాదు.

దారం రంగు పల్లం వైపు ముక్కకు దగ్గరగా ఉండాలి, కుట్టు పడేది అందులోనే కదా. ఇన్ని రంగుల ముక్కలకు ఒక్కో దారం మార్చలేరు, మధ్యరకం బూడిద రంగు అన్నిటి మీదా ఒదిగిపోతుంది. నిలువు గీతలకు మాత్రం మీ ఇష్టం, ఎర్ర దారం వేసుకోండి. బాబిన్‌లో కూడా పైదారం రంగే వేస్తే బిగువులో తేడా ఉన్నా బయటపడదు. అస్తరు సాదాది కాకుండా చిన్న పూల ప్రింటుది తీసుకుంటే వెనక పడే వంకరలన్నీ అందులో కలిసిపోతాయి. చేపల గాలానికి వాడే లాంటి పారదర్శక నైలాన్ దారం అమ్ముతారు, కొనకండి. ఇస్త్రీ వేడికి కరుగుతుంది, తెగిన కొస పసిపిల్లల చర్మానికి గుచ్చుకుంటుంది. మీ కుట్టు పొడవు అంతా కలిపితే 1,500 అంగుళాలు దాటుతుంది, దాదాపు 39 మీటర్లు. ముందే మూడు నాలుగు బాబిన్లు నింపి పక్కన పెట్టుకోండి.

గీత మొదట్లో, చివర వెనక్కి కుట్టి ముడి వేయకండి, అక్కడ గడ్డ కడుతుంది. అర అంగుళం మేర కుట్టు బాగా చిన్నది చేసి వదిలేయండి. అంచు దాకా వెళ్లే గీతకు ఆ పని కూడా అక్కర్లేదు, అంచు పట్టీ కిందికి పోతుంది. ఒకటి రెండు కుట్లు మెట్టు మీదికి ఎక్కితే వదిలేయండి, ఉతికాక బట్ట ముడుచుకుని కప్పేస్తుంది. అంగుళం పొడవునా ఎక్కితే విప్పాలి. వెనక వైపు బాబిన్ దారాన్ని నాలుగు కుట్లకొకచోట తెంపితే పైదారం దానంతటదే ఊడి వస్తుంది. పై నుంచి కెలికితే చీర చిరుగుతుంది. ఇప్పుడు కుట్టిన మూలను కూడా అలాగే విప్పండి. మిగిలిన ముక్కలతో నాలుగు చదరాల చిన్న బొంత కుట్టి, దాని మీద బిగువు, ఒత్తిడి, కుట్టు పొడవు సరిచూసుకున్నాకే పెద్దదాన్ని మెషీన్ కిందికి తోయండి.

పెద్దవాళ్ల మాటకు సమాధానం. నేను ఉండే నాందేడ్ జిల్లా ధర్మాబాద్ వైపు మరాఠీ ఇళ్లలో గోధడి (చేతికుట్టు బొంత) కుట్టే ఆడవాళ్లు చాలామంది అంచు నుంచి మొదలుపెట్టి చుట్లు చుట్లుగా లోపలికి వెళతారు. కర్ణాటకలో ఉత్తర కన్నడ వైపు ఆఫ్రికా మూలాలున్న సిద్దీ మహిళలు కుట్టే కౌదుల్లో (వాళ్ల బొంతల్లో) అయితే ముక్కలను విడిగా అతకడమే ఉండదు, అస్తరు మీదే ముక్కలు పేర్చుకుంటూ అంచు నుంచి మధ్యకు కుట్టుకొస్తారు. అతకడం, బొంత కుట్టడం ఒకే పని. చేతి సూది పొరలను ఒక దగ్గర గుచ్చి పైకి తీస్తుంది, తోయదు, అందుకే ఎక్కడ మొదలుపెట్టినా చెల్లుతుంది. మెషీన్‌కు ఆ వెసులుబాటు లేదు. మెత్తదనం విషయంలో పెద్దవాళ్లు చెప్పింది నిజమే, చేతికుట్టు బొంత ఒంటికి వాలినట్టు మెషీన్ బొంత వాలదు. గట్టిదనం మాత్రం మెషీన్‌ది. చేతికుట్టుకు ఒకటే దారం, ఒకచోట తెగితే జారుతూ పోతుంది. మెషీన్ కుట్టులో రెండు దారాలు ప్రతి కుట్టుకూ ముడిపడి ఉంటాయి. రోజూ వాడి వారం వారం ఉతికేదైతే మెషీన్‌నే నమ్ముకోండి. అమ్మ చీరల గుర్తుగా దాచుకునేదైతే అడ్డ గీతలు మెషీన్ మీద వేసి, నిలువు గీతలు అమ్మతోనే చేత్తో వేయించండి. రెండూ ఒకే బొంతలో ఉండకూడదన్న నియమం ఏదీ లేదు.

కారు సీటు కవర్లు కుట్టే దుకాణంలో ఇచ్చి కుట్టించవచ్చా అని కూడా చివర్లో అడిగారు. వాళ్ల పెద్ద మెషీన్‌లో పైనా కిందా రెండు పక్కలా బట్టను నడిపించే ఏర్పాటు ఉంటుంది, ముడతలు పడవు, బరువూ లెక్కలేదు. అయితే ఆ ఫుట్ పళ్లు రెక్సిన్ కోసం చేసినవి. పాత నేత చీర మీద పంటిగాట్లు పెడతాయి, ఒక్కోసారి పోగులు కోసేస్తాయి. ఇవ్వదలచుకుంటే ముందు ఒక చీర ముక్క ఇచ్చి దాని మీద కుట్టించి, వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూడండి. ఫుట్ పడిన దారిలో వెలుతురు చుక్కలు కనిపిస్తే బొంత ఇంటికి తెచ్చేసుకోండి.